అరుదైన జర్మన్ ఇంటిపేరు 'గోథే': వ్యుత్పత్తి, వ్యాప్తి, నేటి పౌనఃపున్యం

వ్యాససంగ్రహం

ఇంటిపేర్ల అధ్యయనం నామవిజ్ఞానంలో ఒక ప్రధాన శాఖ. ఒక ఇంటిపేరు ఎలా పుట్టింది, ఎక్కడ వ్యాపించింది, నేడు ఎందరికి ఉంది అన్న మూడు ప్రశ్నలు పరస్పరం ముడిపడినవి. జర్మన్ మహాకవి గోథే ఇంటిపేరును ఉదాహరణగా తీసుకొని ఈ మూడు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. పేరు వ్యుత్పత్తి, దాని లిపిరూపాలు, పౌనఃపున్యాన్ని లెక్కించే పద్ధతులు, అరుదైన పేర్లు అంతరించడానికి గల గణితకారణాలు ఇందులో చర్చించబడ్డాయి. ఇంటిపేరు సామ్యాన్ని వంశసామ్యానికి నిదర్శనంగా స్వీకరించడంలోని ప్రమాదాన్ని ఈ వ్యాసం ప్రత్యేకంగా ప్రస్తావిస్తుంది.

కీలకపదాలు: నామవిజ్ఞానం, ఇంటిపేరు, వ్యుత్పత్తి, పౌనఃపున్యం, వర్ణక్రమం, వంశవిచ్ఛిత్తి.

1. ఉపోద్ఘాతం

జర్మన్ భాష నేర్చుకోదలచిన భారతీయ విద్యార్థికి మొదట పరిచయమయ్యే జర్మన్ ఇంటిపేర్లు రెండు. జర్మన్ భాషాసంస్కృతుల ప్రచారానికి 1951లో ఏర్పడిన సంస్థకు గోథే పేరు పెట్టారు. అదే సంస్థ భారతదేశంలోని తన కేంద్రాలను ఋగ్వేద సంపాదకుడైన మాక్స్ ముల్లర్ పేరుతో వ్యవహరిస్తుంది. హైదరాబాదులోని జర్మన్ భాషాకేంద్రం మాత్రం గోథే పేరునే ధరించింది. ఈ రెండు పేర్లూ మన విద్యావంతులకు సమానంగా సుపరిచితాలు. కాళిదాసు శాకుంతలాన్ని 1791లో జర్మన్ అనువాదంలో చదివి ప్రశంసించిన కవిగా గోథే మన సాహిత్యవిద్యార్థులకు మరింత సన్నిహితుడు.

అయితే జర్మనీలో ఈ రెండు పేర్ల స్థితి పూర్తిగా భిన్నం. 'ముల్లర్' ఆ దేశంలో అందరికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు. 'గోథే' చాలా అరుదైన ఇంటిపేరు. వీధులకు, విద్యాసంస్థలకు, కూడళ్ళకు ఈ పేరు ఎంత విరివిగా కనిపిస్తుందో, మనుషులకు అంత విరళంగా కనిపిస్తుంది. ఈ వైరుద్ధ్యానికి కారణాలను అన్వేషిస్తే ఇంటిపేర్ల పుట్టుక, స్థిరీకరణ, మనుగడ, అంతర్ధానం అన్నీ ఒకే ఉదాహరణలో బోధపడతాయి.

2. జర్మన్ ఇంటిపేర్లు: ఆవిర్భావం, స్థిరీకరణ

మధ్యయుగపు తొలినాళ్ళలో జర్మన్ ప్రాంతాల్లో మనిషికి ఒకే పేరు ఉండేది. నగరాలు పెరిగి, వాడుకలోని వ్యక్తిపేర్ల సంఖ్య తగ్గి, ఒకే పేరుగలవారు ఒకే వీధిలో అనేకులు కనిపించసాగిన తరువాత రెండవ పేరు అవసరమైంది. 12వ శతాబ్దం నుంచి పశ్చిమ, దక్షిణ ప్రాంత నగరాల్లో మొదలైన ఈ ఆచారం క్రమంగా ఉత్తరానికి, తూర్పుకు, గ్రామాలకు విస్తరించింది.

ఈ ఇంటిపేర్లను పరిశోధకులు అయిదు వర్గాలుగా విభజిస్తారు. తండ్రి లేదా పూర్వీకుని వ్యక్తిపేరు నుంచి వచ్చినవి, వలస వచ్చిన ఊరిని తెలిపేవి, నివాసస్థలపు గుర్తును తెలిపేవి, వృత్తిని తెలిపేవి, శరీరలక్షణాన్ని లేదా స్వభావాన్ని తెలిపేవి అని ఆ వర్గాలు. జర్మనీలో అత్యధిక సంఖ్యలో ఉన్న తొలి మూడు ఇంటిపేర్లయిన ముల్లర్, ష్మిట్, ష్నైడర్ వృత్తినామాలే. వాటి అర్థాలు వరుసగా పిండిమర నడిపేవాడు, కమ్మరి, దర్జీ. ప్రతి ఊరిలో మర ఉంది, కొలిమి ఉంది, దర్జీ ఉన్నాడు. అందువల్ల ఈ పేర్లు ఒక్కచోట పుట్టి వ్యాపించినవి కావు. వేలాది చోట్ల విడివిడిగా పుట్టినవి.

పేరు పుట్టడం, పేరు స్థిరపడడం ఒకటి కావు. పూర్వం ఒకే వ్యక్తి పేరును చర్చి పుస్తకాల్లో రెండు మూడు రకాలుగా వ్రాసేవారు. బవేరియాలో 1677లో అనుమతి లేకుండా పేరు మార్చుకోవడాన్ని నిషేధించారు. జర్మన్ సామ్రాజ్యమంతటా 1876 జనవరి 1 నుంచి జనన, వివాహ, మరణాల పౌరనమోదు అమలులోకి వచ్చిన తరువాత ఇంటిపేరులోని ప్రతి అక్షరం చట్టబద్ధంగా స్థిరపడింది. ఈ స్థిరీకరణకు పూర్వపు వైవిధ్యమే నేటి పౌనఃపున్య గణనలో ఎదురయ్యే చిక్కులకు మూలం.

3. గోథే కుటుంబంలో పేరు ప్రస్థానం

కవి పూర్వీకులు మధ్యజర్మనీలోని తురింగియా ప్రాంతీయులు. ముత్తాత హాన్స్ క్రిస్టియాన్ ఆర్టెర్న్ పట్టణంలో గుర్రాలకు లాడాలు కొట్టే కమ్మరి. తాత ఫ్రీడ్రిష్ గేయోర్గ్ 1657లో కన్నవుర్ఫ్ గ్రామంలో జన్మించి దర్జీపని నేర్చుకున్నాడు. పనివాళ్ళు దేశాటనం చేసి నైపుణ్యం సంపాదించే ఆనాటి ఆచారాన్ని అనుసరించి ఫ్రాన్సు వెళ్ళి, లియోన్ నగరంలో పనిచేశాడు. 1685లో నాంత్ శాసనం రద్దయి ఫ్రాన్సులో ప్రొటెస్టెంట్ల పరిస్థితి దుర్భరమైన తరువాత ఆయన జర్మనీకి తిరిగివచ్చి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్థిరపడి, 1687లో ఆ నగర పౌరుడయ్యాడు. రెండవ వివాహం ద్వారా ఒక పెద్ద వసతిగృహానికి యజమాని కూడా అయ్యాడు.

ఆ తాత తన ఇంటిపేరును వ్రాసేటప్పుడు చివరి అచ్చుపై ఫ్రెంచి పద్ధతిలో ఒక స్వరచిహ్నాన్ని చేర్చేవాడు. ఫ్రెంచి ఫ్యాషన్లు తెలిసిన దర్జీగా సంపన్నుల ఆదరణ పొందడానికి ఆ చిహ్నం కూడా తోడ్పడి ఉండవచ్చు. ఆయన కుమారుడు యోహాన్ కాస్పర్ (1710–1782) న్యాయశాస్త్రం చదివి, చక్రవర్తి కొలువు నుంచి సలహాదారు బిరుదు పొందాడు. ఆయన తరంలో ఫ్రెంచి చిహ్నం తొలగిపోయి, రెండు అచ్చులను పక్కపక్కన వ్రాసే రూపం స్థిరపడింది. యోహాన్ కాస్పర్ కుమారుడే కవి యోహాన్ వోల్ఫ్‌గాంగ్ (1749–1832). 1782లో ఆయనకు కులీనత్వం లభించి, ఇంటిపేరుకు ముందు 'ఫాన్' చేరింది.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటి ఉంది. కవి ముత్తాత కమ్మరి, తాత దర్జీ. ఆ కుటుంబానికి ఇంటిపేరు ఈ తరాల్లో ఏర్పడి ఉంటే అది ష్మిట్ గానో ష్నైడర్ గానో ఉండడానికి అవకాశం ఎక్కువ. అంటే నేటి జర్మనీలో రెండవ, మూడవ స్థానాల్లో ఉన్న అతిసామాన్యమైన పేర్లలో ఒకటి ఆ కవికి దక్కేది. వృత్తి అప్పగించగల పేరును అంతకుముందే ఏర్పడిన మరొక పేరు అడ్డుకుంది. ఇంటిపేరు ఒక కుటుంబ చరిత్రలోని ఒకానొక క్షణాన్ని మాత్రమే నమోదు చేస్తుంది. ఆ తరువాతి చరిత్రను నమోదు చేయదు.

4. వ్యుత్పత్తి చర్చ

ఈ పేరుకు రెండు వ్యుత్పత్తులు ప్రధానంగా చెప్పబడుతున్నాయి.

మొదటిది వ్యక్తినామ వ్యుత్పత్తి. జర్మన్ భాషలో దైవవాచకంతో మొదలయ్యే ప్రాచీన వ్యక్తిపేర్లు గొట్‌ఫ్రీడ్, గొట్‌హార్డ్, గొట్‌షాల్క్ మొదలైనవి. వీటిని ముద్దుగా కుదించి పిలిచే రూపాల నుంచి అనేక ఇంటిపేర్లు వచ్చాయి. ఉత్తర ప్రాంతపు 'గోడె', దానికి లఘుత్వార్థక ప్రత్యయం చేరిన 'గోడెకె' ఇటువంటివి. జర్మన్ సాహిత్య గ్రంథసూచికారుడు కార్ల్ గోడెకె (1814–1887) ఇంటిపేరు ఈ వర్గానికి చెందినదే. దక్షిణ ప్రాంతపు 'గోట్స్' కూడా గొట్‌ఫ్రీడ్ కుదింపే. ఈ వ్యుత్పత్తిని అంగీకరిస్తే, 1773లో గోథేకు కీర్తి తెచ్చిన నాటకంలోని నాయకుడు గోట్స్ ఫాన్ బెర్లిషింగెన్ పేరూ, నాటకకర్త ఇంటిపేరూ ఒకే ధాతువు నుంచి పుట్టినవని చెప్పవలసివస్తుంది.

రెండవది బంధువాచక వ్యుత్పత్తి. మధ్యకాలపు ఉన్నత జర్మన్ భాషలో బాప్తిస్మ సమయంలో శిశువుకు జ్ఞానతండ్రిగా నిలిచే వ్యక్తిని సూచించే మాట ఒకటి ఉచ్చారణలో ఈ ఇంటిపేరుకు సన్నిహితంగా ఉంది. దాని రూపాలు నేటికీ దక్షిణ జర్మన్ మాండలికాల్లోనూ స్విట్జర్లాండులోనూ వాడుకలో ఉన్నాయి. ఒక ఊరిలో పలువురికి జ్ఞానతండ్రిగా నిలిచిన వ్యక్తిని ఆ మాటతోనే పిలవడం, అది సంతతికి ఇంటిపేరుగా నిలవడం అసంభవం కాదు.

ఈ రెండు పదాలు ధ్వనిపరంగా కలిసిపోవడం వల్ల, కేవలం నేటి రూపాన్ని చూసి ఏది మూలమో నిర్ణయించలేము. ఇటువంటి సందర్భాల్లో రెండు మార్గాలు ఉన్నాయి. ఒకటి, ఆ కుటుంబపు అతిప్రాచీన పత్రాల్లోని రూపాలను పరిశీలించడం. రెండు, పేరు ఏ ప్రాంతంలో కేంద్రీకృతమై ఉందో చూసి, ఆ ప్రాంత మాండలికంలో ఏ పదం ప్రచారంలో ఉండేదో పోల్చడం. దీనినిబట్టి వ్యుత్పత్తి నిర్ణయానికి భౌగోళిక వ్యాప్తి ఎంత ముఖ్యమో స్పష్టమవుతుంది. ఒకే ఇంటిపేరు ఒక ప్రాంతంలో ఒక మూలం నుంచి, మరొక ప్రాంతంలో వేరొక మూలం నుంచి వచ్చి ఉండవచ్చు.

ఈ పేరు అర్థంపై చర్చ కవి జీవితకాలంలోనే జరిగింది. స్ట్రాస్‌బుర్గ్‌లో పరిచయమైన హెర్డర్, పుస్తకాలు పంపమని కోరుతూ వ్రాసిన ఒక చిన్న పద్యలేఖలో, ఈ పేరు దేవతల నుంచి వచ్చిందా, గోత్ జాతి నుంచి వచ్చిందా, బురద నుంచి వచ్చిందా అనే భావంతో శ్లేష చేశాడు. దశాబ్దాల తరువాత ఆత్మకథ పదవ భాగంలో ఈ సంఘటనను స్మరిస్తూ గోథే, మనిషి పేరు పైన కప్పుకునే వస్త్రం వంటిది కాదనీ, చర్మంలాగా అతనితోపాటే పెరిగినదనీ, దానిని గీరితే మనిషికే నొప్పి కలుగుతుందనీ అర్థం వచ్చేలా వ్రాశాడు. హెర్డర్ చెప్పిన మూడింటిలో రెండు కేవలం ధ్వనిసామ్యం మీద ఆధారపడిన చమత్కారాలు. మొదటిది మాత్రం, వ్యక్తినామ వ్యుత్పత్తి నిజమైతే, తెలియకుండానే సత్యానికి దగ్గరగా వచ్చింది.

5. లిపిరూపాలు, వర్ణక్రమ సమస్య

ఈ ఇంటిపేరులోని మొదటి అచ్చు తెలుగు వర్ణమాలలో లేదు. పెదవులను గుండ్రంగా ఉంచి 'ఏ' పలికితే వచ్చే ధ్వని అది. జర్మన్‌లో దీనిని 'ఓ' అక్షరంపై రెండు చుక్కలతో గాని, 'ఓ' అక్షరం పక్కన 'ఇ' అక్షరం చేర్చి గాని వ్రాస్తారు. సామాన్యపదాల్లో చుక్కల రూపమే ప్రామాణికం. ఇంటిపేర్లలో మాత్రం రెండు రూపాలూ వేర్వేరు పేర్లుగా నమోదయ్యాయి. కవి పేరును 19వ శతాబ్దపు ముద్రణల్లో రెండు విధాలుగానూ చూడవచ్చు.

అదేవిధంగా పేరు మధ్యలోని 'టి', 'హెచ్' అక్షరాలు మహాప్రాణ ధ్వనిని సూచించవు. అది పాత వర్ణక్రమ అలవాటు మాత్రమే. 1901లో జరిగిన వర్ణక్రమ సదస్సు స్వదేశీ పదాల నుంచి ఈ 'హెచ్'ను తొలగించింది. ఇంటిపేర్లకు ఆ నియమం వర్తించలేదు గనుక పాత రూపం నిలిచిపోయింది. తెలుగులో 'గోథే' అని వ్రాయడం అక్షరాలను అనుసరించిన రూఢి. ఉచ్చారణను అనుసరిస్తే అక్కడ 'థ'కారానికి తావు లేదు. ఇతర గ్రంథాల్లో 'గెటే' వంటి రూపాలు కనిపించడానికి కారణం ఇదే.

పౌనఃపున్య గణనకు ఈ లిపిభేదం ఎంత ముఖ్యమో అకారాది క్రమంలో తెలుస్తుంది. జర్మన్ ప్రమాణాలు రెండు వరుసక్రమాలను అంగీకరిస్తాయి. నిఘంటువుల క్రమంలో చుక్కలున్న 'ఓ' మామూలు 'ఓ'తో సమానం. టెలిఫోన్ పుస్తకాల వంటి పేర్ల జాబితాల క్రమంలో అది 'ఓ', 'ఇ' జంటతో సమానం. కాబట్టి టెలిఫోన్ పుస్తకంలో ఈ ఇంటిపేరు రెండు రూపాలూ ఒకే చోట వస్తాయి. నిఘంటువు క్రమాన్ని పాటించే సూచికలో విడిపోతాయి. పాస్‌పోర్టులలో యంత్రం చదివే పంక్తిలో చుక్కలు ఉండవు. అక్కడ రెండు పేర్లూ ఒకటే అవుతాయి. ఏ ఆకరాన్ని ఉపయోగించారో చెప్పకుండా ఇచ్చిన సంఖ్యకు ప్రామాణికత లేకపోవడానికి ఇది ఒక కారణం.

6. నేటి పౌనఃపున్యాన్ని కొలిచే విధానం

జర్మన్ ఇంటిపేర్ల పౌనఃపున్య పరిశోధనకు ప్రధానాధారం టెలిఫోన్ చందాదారుల సమాచారం. కొన్రాడ్ కున్సె, డామారిస్ న్యూబ్లింగ్ సంపాదకత్వంలో 2009 నుంచి వెలువడిన జర్మన్ ఇంటిపేర్ల అట్లాసు, ఆ తరువాత మైన్స్ అకాడమీ చేపట్టిన డిజిటల్ ఇంటిపేర్ల నిఘంటువు 2005 నాటి స్థిరఫోన్ల సమాచారాన్ని ఆధారం చేసుకున్నాయి. అందులో సుమారు 2 కోట్ల 80 లక్షల వ్యక్తిగత ఫోన్లు, దాదాపు 8 లక్షల 50 వేల భిన్నమైన ఇంటిపేరు రూపాలు ఉన్నాయి. ఆ తరువాతి కాలంలో సెల్‌ఫోన్లు పెరిగి, స్థిరఫోన్ల జాబితాలు పలచబడినందున 2005 నాటి సమాచారం విలువ ఇంకా తగ్గలేదు.

ఫోన్ల సంఖ్య నుంచి మనుషుల సంఖ్యను అంచనా వేయవచ్చు. ఆనాటి జర్మనీ జనాభా సుమారు 8 కోట్ల 20 లక్షలు. దానిని ఫోన్ల సంఖ్యతో భాగిస్తే ఒక ఫోనుకు దాదాపు 2.9 మంది. ముల్లర్ పేరుతో రెండున్నర లక్షలకు పైగా ఫోన్లు ఉన్నాయి. అంటే ఆ పేరుగలవారు ఏడు లక్షలకు పైబడినవారు. ఒక అరుదైన పేరుకు 100 ఫోన్లు ఉంటే, ఆ పేరుగలవారు సుమారు 290 మంది. అయితే ఈ గుణకం పెద్దసంఖ్యలకు సరిపోయినంతగా చిన్నసంఖ్యలకు సరిపోదు. 10 ఫోన్లున్న పేరులో రెండు కుటుంబాలు తమ నంబరును జాబితాలో చేర్చవద్దని కోరితేనే అంచనా అయిదవ వంతు మేరకు తప్పుతుంది.

వ్యాప్తిని చూపే పటాల్లోనూ జాగ్రత్త అవసరం. నిరపేక్ష సంఖ్యల పటంలో ప్రతి పేరూ బెర్లిన్, హాంబుర్గ్ వంటి మహానగరాల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ జనమే ఎక్కువ. జిల్లా జనాభాకు నిష్పత్తిగా చూపే సాపేక్ష పటంలో మాత్రమే పేరు మూలస్థానం బయటపడుతుంది. రెండవ ప్రపంచయుద్ధానంతరం తూర్పు ప్రాంతాల నుంచి కోటిమందికి పైగా జర్మన్లు నిర్వాసితులై పశ్చిమానికి వచ్చారు. వారితోపాటు వచ్చిన పేర్లు నేటి పటంలో తమ మూలస్థానాన్ని చూపవు. ఈ లోపాన్ని సవరించడానికి పరిశోధకులు మొదటి ప్రపంచయుద్ధ కాలపు సైనిక నష్టాల జాబితాలను ఆశ్రయిస్తారు. స్వచ్ఛంద కార్యకర్తలు సూచికగా రూపొందించిన ఆ 80 లక్షలకు పైబడిన నమోదుల్లో సైనికుని స్వస్థలం కూడా ఉంటుంది.

7. పేరు ఎందుకు అరుదవుతుంది?

ఇంటిపేరు తండ్రి నుంచి కొడుకులకే సంక్రమించే వ్యవస్థలో, కొడుకులు లేని ప్రతి పురుషుని వద్ద పేరులోని ఒక శాఖ ఆగిపోతుంది. ఈ సమస్యను ఫ్రాన్సిస్ గాల్టన్ 1873లో గణితప్రశ్నగా ముందుంచాడు. ప్రముఖ కుటుంబాల పేర్లు ఎందుకు అంతరిస్తున్నాయి, అది సంతానశక్తి క్షీణతకు గుర్తా లేక కేవలం యాదృచ్ఛికమా అన్నది ఆయన సందేహం. హెన్రీ విలియం వాట్సన్ దానికి పరిష్కారపద్ధతిని కనుగొన్నాడు. పద్ధతి సరైనదే అయినా, ప్రతి ఇంటిపేరూ ఎప్పటికైనా నశించితీరుతుందని ఆయన తేల్చిన ఫలితం పొరపాటు. ఒక పురుషునికి సగటున ఒకరు లేక అంతకంటే తక్కువ కొడుకులున్నప్పుడే ఆ మాట నిజం. సగటు ఒకటిని మించితే పేరు నిలిచే అవకాశం ఉంటుంది.

ఒక ఊహాత్మక ఉదాహరణ ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. ప్రతి పురుషునికీ కొడుకులు లేకపోయే అవకాశం నాలుగింట ఒకటి, ఒక కొడుకు ఉండే అవకాశం సగం, ఇద్దరుండే అవకాశం నాలుగింట ఒకటి అనుకుందాం. సగటు ఒక కొడుకు. ఒకే పురుషునితో మొదలైన పేరు మొదటి తరంలోనే ఆగిపోయే అవకాశం 25 శాతం. రెండవ తరానికి అది 39 శాతం, మూడవ తరానికి 48, నాల్గవ తరానికి 55, అయిదవ తరానికి 60 శాతం అవుతుంది. జనాభా తగ్గకపోయినా సుమారు నూటయాభై ఏళ్ళలో ఇటువంటి పేర్లలో సగానికి మించి కనుమరుగవుతాయి. అదే పేరు పదిమంది పురుషులతో విడివిడిగా మొదలైతే, అయిదు తరాల్లో పూర్తిగా నశించే అవకాశం వెయ్యింట ఆరు మాత్రమే. వేలాది మరల వద్ద పుట్టిన ముల్లర్ పేరుకు అంతరించే ప్రమాదం లేకపోవడానికీ, కొద్ది కుటుంబాల్లో పుట్టిన పేరు నిరంతరం అంచున నిలవడానికీ ఇదే కారణం.

చట్టం కూడా ఈ లెక్కను మారుస్తుంది. జర్మనీలో 1976 సంస్కరణ తరువాత దంపతులు భార్య ఇంటిపేరును ఉమ్మడిపేరుగా ఎంచుకోవచ్చు. 1994 నుంచి ఎవరి పేరు వారు నిలుపుకోవచ్చు. 2025 మే 1 నుంచి దంపతులిద్దరి పేర్లను కలిపి జంటపేరుగా స్వీకరించే వీలు కలిగింది. పేరు స్త్రీల ద్వారా కూడా సంక్రమించగలిగితే, అరుదైన పేర్లకు మనుగడ మార్గం ఒకటి పెరిగినట్లే.

8. పేరు, రక్తసంబంధం

కవి కుటుంబమే ఈ గణితానికి నిదర్శనం. ఆయన సంతానంలో పెరిగి పెద్దవాడైన ఏకైక కుమారుడు ఆగస్ట్ (1789–1830) తండ్రికంటే ముందే మరణించాడు. ఆగస్ట్ సంతానం ముగ్గురు. అల్మా 1844లో పదహారేళ్ళ వయసులో మరణించింది. వోల్ఫ్‌గాంగ్ 1883లో, వాల్టర్ 1885లో సంతానం లేకుండా మరణించారు. 1885లో కవి వంశం సమాప్తమైంది. వాల్టర్ తన మరణశాసనం ద్వారా తాతగారి వ్రాతప్రతులను వైమార్ గ్రాండ్ డచెస్ సోఫీకి అప్పగించాడు. నేటి గోథే–షిల్లర్ గ్రంథభాండాగారానికీ, 143 సంపుటాల వైమార్ ప్రచురణకూ ఆ అప్పగింతే ఆధారం. వారసుడు లేకపోవడం వల్లనే వారసత్వం జాతి సొత్తయింది.

దీని ఫలితంగా, నేడు ఈ ఇంటిపేరు గలవారెవరూ కవికి ప్రత్యక్ష సంతతి కారు. వారు తురింగియా మూలకుటుంబపు మరొక శాఖకు చెందినవారు కావచ్చు. లేదా అదే వ్యక్తిపేరు నుంచో బంధువాచకం నుంచో వేరొక ఊరిలో విడిగా ఏర్పడిన ఇంటిపేరు గలవారు కావచ్చు. పేరు ఎంత అరుదైనా, అది ఒకే మూలం నుంచి వచ్చిందని రుజువు కాదు. మరొకవైపు కవి సోదరి కోర్నేలియా (1750–1777) సంతతి ఆమె కుమార్తె ద్వారా నికోలోవియస్ కుటుంబంలో కొనసాగింది. ఆ కుటుంబంవారికి కవి తల్లిదండ్రులతో రక్తసంబంధం ఉంది, ఆయన ఇంటిపేరు లేదు. పేరు ఒక దారిలో, రక్తం మరొక దారిలో సాగిపోయాయి.

9. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని ఫలితాంశాలు తేలుతున్నాయి.

ఒకటి: ఇంటిపేరు వ్యుత్పత్తిని నేటి రూపాన్నిబట్టి కాక, ప్రాచీన పత్రరూపాలు, మాండలికం, భౌగోళిక వ్యాప్తి అనే మూడు ఆధారాలను కలిపి నిర్ణయించాలి.

రెండు: పౌనఃపున్యాన్ని పేర్కొనేటప్పుడు ఆకరం, సంవత్సరం, లిపిరూపం అనే మూడింటిని తప్పక తెలపాలి. లిపిభేదాలను కలిపి లెక్కించారా, విడిగా లెక్కించారా అన్నది అరుదైన పేర్ల విషయంలో ఫలితాన్నే మార్చివేస్తుంది.

మూడు: పేరు అరుదు కావడం ఆ కుటుంబపు గొప్పతనానికి గాని, క్షీణతకు గాని సూచిక కాదు. ఎన్ని చోట్ల పుట్టింది, ఎందరు కొడుకుల ద్వారా సంక్రమించింది అన్న రెండు అంశాలే ప్రధానంగా దానిని నిర్ణయిస్తాయి.

నాలుగు: ఇంటిపేరు సామ్యం వంశసామ్యాన్ని సూచించే ఊహకు ప్రారంభం కావచ్చునే గాని నిరూపణ కాజాలదు. సాహిత్యచరిత్రలో ఒక రచయిత వంశాన్ని, ప్రాంతాన్ని ఇంటిపేరు ఒక్కదాన్ని ఆధారం చేసుకొని నిర్ణయించే సందర్భాల్లో గోథే ఉదాహరణ పరిశోధకులకు తగిన హెచ్చరికగా నిలుస్తుంది.